కుడికాలి సంగతి

మార్చి 2, సోమవారం

అక్క మళ్ళీ ఫెయిలైంది. ఇది రెండోసారి.

రెండుసార్లూ తప్పు ఒకటే. తెల్లగీత దగ్గర బండి ఆగలేదు. మొదటిసారి జానెడు దాటింది, ఈసారి మూరెడు. టెస్టు గ్రౌండులో రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాను. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఎర్రసిరాతో ఇంటూ కొట్టడం కూడా కనబడింది.

నాకు అంతుబట్టనిది ఒకటే. నేను పక్కన కూర్చున్నప్పుడు అక్కలా బండి ఆపేవాళ్ళు లేరు. స్కేలు పెట్టి కొలిచినట్టు గీత ముందు ఆగుతుంది. భయపడ్డావా అని అడిగాను. లేదంది. ఎప్పుడూ తొక్కినట్టే తొక్కాను, ఎప్పుడూ ఆగినట్టు ఆగలేదు అంది. ఎప్పుడూ తొక్కినట్టు తొక్కితే ఎందుకాగదు అని అరిచాను. అక్క అరవలేదు. తను అరవదు.

అక్కకి యాభై ఒకటి. ఇరవై ఆరేళ్ళు ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేసింది. ఊళ్ళో సగం మంది మొహాల మీద మచ్చలు తీసింది తనే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే మచ్చలేనివాడు దొరకలేదంటుంది. పోయిన ఏడాది స్టూడియో మూసేశారు. ఇప్పుడొక ల్యాబ్ వాళ్ళు వ్యాన్ నడిపే ఉద్యోగం ఇస్తామన్నారు. కలెక్షన్ సెంటర్లకి తిరిగి రక్తం శాంపిళ్ళు తేవాలి. ఏప్రిల్ ఒకటిన చేరాలి, చేరేటప్పటికి లైసెన్సు ఉండాలి. మూడో టెస్టు ఈ నెల 26న. అదీ పోతే ఆర్నెల్ల దాకా మళ్ళీ కూర్చోనివ్వరు. ల్యాబ్ వాళ్ళు ఆరు రోజులు కూడా ఆగరు.

నాకంటే నాలుగేళ్ళు పెద్ద అక్క. పెత్తనం మాత్రం నాది. అది ఎప్పుడు ఎలా చేతులు మారిందో గుర్తులేదు.

నేను పదకొండేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పుతున్నాను. పదకొండేళ్ళలో నా బండి మీద ఒక్క గీత పడలేదు. గొప్పకి రాయడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

ఇంకో సంగతి. నా పాత స్టూడెంటు, బ్యాంకావిడ, నాలుగోసారికి పాసైంది కదా, ఆ సంతోషంలో నాకు థాయ్ మసాజ్ కూపన్ ఇచ్చింది. రెండు సిట్టింగులు, నెలాఖరులోపు వాడుకోవాలట. నేను కుంటుతుంటే చూసిందట. కుంటుతున్నానని నాకే తెలియదు.

మార్చి 3, మంగళవారం

కుడికాలు తుంటి నుంచి చీలమండ దాకా ఒకటే తీపు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న డాక్టరుని ఒకసారి ఈ కాలేసుకుని నడవమనాలి.

మార్చి 5, గురువారం, సాయంత్రం 6

వెళ్ళొచ్చాను. ఏం జరిగిందో వరసగా రాసుకుంటే అయినా అర్థమవుతుందేమో చూద్దాం.

కింద కళ్ళజోళ్ళ షాపు, పైన మూడో అంతస్తులో స్పా. చెప్పులు బయట వదలమన్నారు, ఫోను లాకర్లో పెట్టమన్నారు. రిసెప్షన్ అమ్మాయి గుసగుసగా మాట్లాడుతుంటే నేనూ గుసగుసగా మాట్లాడాను. ఎందుకో ఇద్దరం దొంగతనానికి వచ్చినట్టుంది. ఫారంలో సాఫ్ట్, మీడియం, స్ట్రాంగ్ అని మూడు గళ్ళున్నాయి. నేను దేంట్లోనూ తక్కువ తిన్న మనిషిని కాదు కాబట్టి స్ట్రాంగ్‌కి టిక్కు పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

ముందు కాళ్ళు కడిగారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఏ అడుసూ తొక్కకుండానే నాకంటే పెద్దావిడ నా పాదాలు చెక్కతొట్టెలో పెట్టి, వేళ్ళ సందులు కూడా వదలకుండా కడుగుతుంటే ఎక్కడ చూడాలో తెలియక గోడ మీద గడియారం చూశాను. ఆవిడే మసాజ్ చేసే మనిషి. నా భుజం ఎత్తు కూడా లేదు. యాభై ఐదు దాటి ఉంటాయి. ఈవిడేం నొక్కుతుందిలే అనుకున్నాను. ఇప్పుడు నా మనసులో ఆవిడ పేరు మోచేతి మేడం.

నూనె పూస్తారనుకున్నాను. నూనె లేదు, మంచం కూడా లేదు. నేల మీద ఒక గట్టి పరుపు, చుట్టూ తెర. నాలాంటివాళ్ళు ముగ్గురు పట్టే పైజమా ఒకటిచ్చారు. బొందు ముడేసుకుని వచ్చాను. ఆవిడ ఆ ముడి విప్పి, నడుం దగ్గర మడత పెట్టి, చిన్నపిల్లకి కట్టినట్టు మళ్ళీ కట్టింది. నలభై ఏడేళ్ళ మనిషిని, కిక్కురుమనకుండా నిలబడ్డాను.

పాదాల నుంచి మొదలుపెట్టింది. ముందు అరచేతులతో, తర్వాత బొటనవేళ్ళతో, తర్వాత మోచేతితో, చివరికి మోకాళ్ళతో కూడా. ఎక్కడ నొప్పో నేను చెప్పలేదు. నాకు తెలియని నొప్పులు కూడా ఆవిడకి తెలుసు. తొడ మొదట్లో అరచెయ్యి ఆనించి బరువంతా మోపి కదలకుండా ఉండిపోయింది. కాలు మొద్దుబారి, ఇక నాది కాదనుకుంటుండగా వదిలేసింది. వేడినీళ్ళు పోసినట్టు పాదం దాకా జివ్వున దిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడకి తెలుగు రాదు, ఇంగ్లీషు మాటలు పదో పన్నెండో వచ్చు. అందులో రెండు మాటలు గంటన్నరలో యాభైసార్లు అంది. నో హెల్ప్. ఆవిడ నా కాలెత్తబోతే నేనే ఎత్తి ఇస్తున్నానట. నో హెల్ప్. చెయ్యి పట్టుకుని ఊపబోతే నేనే ఊపుతున్నానట. నో హెల్ప్. నేను వదిలేశానని ఒట్టేసి చెప్పగలను. ఆవిడ నా చెయ్యి పైకెత్తి తన చేతులు తీసేసింది. నా చెయ్యి గాలిలో అలాగే ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. ఎవరు ఎత్తి పట్టుకున్నారో నాకర్థం కాలేదు. కష్టపడుతున్న మనిషికి సాయం చేస్తే తప్పేంటి?

కుడికాలు దగ్గరికొచ్చేసరికి మరీ ఘోరం. ఆవిడ నా మీదికి వంగినప్పుడల్లా పాదం ఆవిడని తోసేస్తోంది. నేను తొయ్యలేదు. పాదమే తోసింది. వర్క్ అని అడిగింది. గాలిలో స్టీరింగ్ తిప్పి చూపించాను. ఆవిడ నా మొహం చూసి, పాదం చూసి, అంతా బోధపడినట్టు తలాడించింది. నాకేమీ బోధపడలేదు.

ఆఖర్న వెనక కూర్చుని, నా చేతులు పట్టి వెనక్కి విల్లులా వంచితే వెన్నులో పటపటమంది. నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఆగలేదు. తెర అవతల వాళ్ళు ఉష్ అన్నారు.

కాలు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. మెట్లు దిగుతూ రెండుసార్లు తడిమి చూసుకున్నాను.

మార్చి 6, శుక్రవారం

ఈరోజు స్టూడెంట్లందరికీ ఏం పట్టింది? పంటి డాక్టరమ్మ సిగ్నల్ దగ్గర గీత దాటి జీబ్రా లైన్ల మధ్యకెళ్ళి ఆగింది. కొత్త పెళ్ళికూతురు పాలవ్యాన్‌కి వెంట్రుకవాసిలో ఆగింది. హాస్టల్ వార్డెనమ్మ ఫుట్‌పాత్ ఎక్కించింది. ముగ్గురూ నెలరోజులుగా వెన్నపూసలా ఆపుతున్నవాళ్ళే. చివరి క్షణంలో నా బ్రేకు నేను తొక్కబట్టి బతికి బయటపడ్డాం. స్కూలు బండికి నా వైపు కూడా బ్రేకు, క్లచ్చి ఉంటాయి. అవసరమైతేనే తొక్కుతాను. ఏడాదికి నాలుగైదుసార్లు. ఈరోజొక్కరోజే ఏడాది కోటా అయిపోయింది.

అరిచి అరిచి గొంతు పోయింది. కాలు మాత్రం హాయిగా ఉంది.

మార్చి 7, శనివారం

ఇవాళా అంతే. బ్రేకులు పోయి ఉంటాయి. ఇంకేం కారణం ఉంటుంది?

మార్చి 8, ఆదివారం

అక్కకి క్లాసు. మూడు గీతలుంటే మూడూ దాటింది. నాలుగోది గీత కాదు, మున్సిపాలిటీ చెత్తకుండీ. బంపర్ ఎడమ మూల జానెడు మేర పెయింటు లేచిపోయింది.

పదకొండేళ్ళు. ఒక్క గీత లేని బండి. సొంత అక్క చేతిలో.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఇరవై ఆరేళ్ళు మచ్చలు తీసి నా బండికి మచ్చ పెట్టావన్నాను. నీకు కాలుందా, కర్ర ఉందా అన్నాను. అన్నానని రాయాలి, లేకపోతే రేపు అనలేదనుకుంటాను. అక్క దిగి, ఆ గీతని దగ్గరగా వంగి చూసింది. ఈ రంగు కలపడం కష్టం, రెండు నీలాలున్నాయి ఇందులో అంది. అంతే. నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

మార్చి 9, సోమవారం

మెకానిక్ మేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్ళాను. ఆయన మాట్లాడే ముందు చేతులు తుడుచుకుంటాడు. చేతులు తుడుచుకునేలోపు నాకు చిర్రెత్తుకొస్తుంది. బ్రేకు ప్యాడ్లు చూశాడు, ఆయిల్ చూశాడు, వీధి చివరిదాకా నడిపి ఐదుచోట్ల ఆపి చూశాడు. ఈ బ్రేకులు ఏనుగునైనా ఆపుతాయన్నాడు. మరి మావాళ్ళకెందుకు ఆగడం లేదంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాడు. నన్నే.

మార్చి 11, బుధవారం

కాలు నొప్పి మళ్ళీ మొదలైంది. స్టూడెంట్లందరూ బాగా నడుపుతున్నారు.

మార్చి 12, గురువారం

నొప్పి పెరిగింది. రెండో కూపన్ వాడేద్దామా అనుకున్నాను. వద్దులే, స్టూడెంట్లు పాడైపోతారు అనిపించింది.

నేను రాసిన వాక్యం నేనే మూడుసార్లు చదివాను. దానికీ దీనికీ ఏం సంబంధం? మతి పోతోంది నాకు.

మార్చి 14, శనివారం

బంపర్‌కి రంగు వేయించడానికి బండి ఇచ్చాను. మధ్యాహ్నం మేస్త్రి ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్ళాను. చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకుని, రెండు రబ్బరు ముక్కలు బెంచీ మీద పెట్టాడు.

రెండూ బ్రేకు పెడల్ మీద వేసే రబ్బర్లే. రెండూ ఒకేరోజు, రెండున్నరేళ్ళ కిందట తనే వేశానన్నాడు. ఒకదాని మీద గాట్లు గాట్లుగా కొత్తగా ఉంది, దువ్వెన పళ్ళలా. రెండోది బోడిగుండు. మధ్యలో అరిగి చిల్లు పడింది. ఏది ఎవరిదో చెప్పమన్నాడు.

ఇదేం ప్రశ్న, అరిగింది డ్రైవర్ వైపుదీ, కొత్తది నాదీ అన్నాను. రోజుకి ఎనిమిది మంది తొక్కేది అదే కదా.

మేస్త్రి బండి తలుపు తీసి చూపించాడు.

తప్పు చూపిస్తున్నావు, మార్చి పెట్టి ఉంటావు అన్నాను. మళ్ళీ వంగి చూశాను. నా వైపు పెడల్ ఇనుము కూడా అరిగి మెరుస్తూ, కుడి అంచు కిందికి కుంగి ఉంది. నా చెప్పు కూడా సరిగ్గా అక్కడే అరుగుతుంది.

ఇంటికెలా వచ్చానో గుర్తుంది, నడిచి వచ్చాను. దారిలో ఎదురొచ్చిన ప్రతి కారులోనూ నా పాత స్టూడెంటే ఉన్నట్టనిపించి గోడవారకి తప్పుకుని నిలబడ్డాను. పదకొండేళ్ళలో ఎంతమంది? నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒకేసారి పాసవడం తక్కువ, రెండోసారికో మూడోసారికో అవుతారు. ఇన్‌స్పెక్టర్లు స్ట్రిక్టని చెప్పేదాన్ని. నేనూ అదే నమ్మాను.

మార్చి 15, ఆదివారం

నిన్నటి సంగతి మా ఆయనకి చెప్పాను. నవ్వుతాడనుకోలేదు, నవ్వాడు. స్కూటర్ మీద వెనక కూర్చున్నప్పుడు కూడా నువ్వు ఫుట్‌రెస్ట్ తొక్కుతూనే ఉంటావు, ఇరవై రెండేళ్ళుగా కుడివైపు ఫుట్‌రెస్టే వంగిపోతోంది, నీకు తెలుసనుకున్నాను అన్నాడు.

తెలిస్తే ఎందుకు చెప్పలేదంటే, బండి ఎలాగూ ఆగుతోంది కదా అన్నాడు.

అయినా రబ్బరు అరగడం సాక్ష్యమా? ఎండకి కూడా అరుగుతుంది. నా వైపు ఎండ ఎక్కువ పడుతుంది. పడదు. పార్కింగ్ నీడలో ఉంటుంది.

మార్చి 16, సోమవారం

మేస్త్రిని అడిగి నా పెడల్ కింద స్విచ్చి పెట్టించాను. నేను తొక్కితే డాష్‌బోర్డ్ కింద బజర్ మోగుతుంది. నేను తొక్కనని నిరూపించుకోవడానికే పెట్టించాను.

పంటి డాక్టరమ్మ క్లాసు, నలభై నిమిషాలు. బజర్ నలభై మూడుసార్లు మోగింది. మొదటి పదిసార్లూ స్విచ్చి లూజైందనుకున్నాను. తర్వాత కిందికి చూశాను. నా పాదం నొక్కుతోంది. చూస్తుండగానే నొక్కుతోంది. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టకముందే నాది పని పూర్తి చేసేస్తోంది. ఎంత మెత్తగా తొక్కుతోందంటే, తనే ఆపానని ఆవిడ నమ్ముతోంది. అక్క కూడా అలాగే నమ్మి ఉంటుంది.

ఆ శబ్దం ఏంటని డాక్టరమ్మ అడిగింది. కొత్త ఎక్విప్‌మెంట్ అన్నాను.

అక్కకి చెప్పాలి. ఎలా చెప్పాలి? రెండుసార్లు ఫెయిలైంది నీ వల్ల కాదు, నా వల్ల అనాలా? ముందు నా కాలు సరిచేసుకుని, అక్కకి తెలియకుండా నెమ్మదిగా అలవాటు చేస్తే? పదిరోజులుంది. అదే మంచిది. అక్క నొచ్చుకోదు.

మార్చి 17, మంగళవారం

బజర్ తీగ పీకడం మర్చిపోయాను. కాదు. మర్చిపోలేదు, ఇవాళ తొక్కనులే అనుకున్నాను.

ఉదయం ఏడింటికి అక్క క్లాసు. మొదటి మలుపులోనే బజర్. ఏంటిది అంది. సీటు బెల్టుది అన్నాను. అక్క తన బెల్టు చూసుకుంది, నా బెల్టు చూసింది. ఇరవై ఆరేళ్ళు గోరంత మచ్చ వెతికిన కళ్ళు. వాటి ముందు నా అబద్ధమెంత? రెండు వీధులు రోడ్డు మీదికి కాకుండా నా మోకాలి వైపు ఓరగా చూస్తూ నడిపింది. ఆగాల్సిన చోటల్లా బజర్ మోగింది.

బండి పక్కకి ఆపుతానంది. తను ఆపేలోపే మోగింది.

అప్పుడు చెప్పాను. మేస్త్రి, రబ్బర్లు, నలభై మూడు, అన్నీ. చెబుతుంటే నాకే సిగ్గేసింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. అక్క ఒక్కటే అడిగింది. అంటే నేను ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా బండి ఆపలేదా?

ఆపి ఉంటావు, కొన్నిసార్లు ఆపి ఉంటావు అన్నాను. ఎన్నిసార్లో చెప్పమంది.

తలుపు తీసుకుని దిగింది. దిగి, మళ్ళీ వంగి కిటికీలోంచి చూసింది. మొద్దుదాన్నని అనుకున్నానే ఇన్నాళ్ళూ అంది. వెళ్ళిపోయింది.

నేను స్టీరింగ్ వైపుకి జరిగి కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరో వెనక నుంచి హారన్ కొట్టారు.

మార్చి 18, బుధవారం

ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 19, గురువారం

ఎత్తడం లేదు. స్కూలు ఓనరు గారి దగ్గర మాట్లాడుకుని, ఆయన బండిలో నేర్చుకుంటోందట. ఆ మాట ఓనరు గారే చెప్పారు, నేనేదో పంపినట్టు థాంక్స్ కూడా చెప్పారు.

ఓనరు గారు క్లాసులో పక్కన కూర్చుని ఫోన్లో చదరంగం ఆడుకుంటారు. ఆయన బండి చుట్టూ సొట్టలే. చూసి నవ్వుకునేదాన్ని. ఆయన స్టూడెంట్లు మొదటిసారికే పాసవుతారు. అదృష్టం అనేదాన్ని. పదకొండేళ్ళూ అదృష్టమే అనుకున్నాను, నా తెలివికి దణ్ణం పెట్టాలి.

మార్చి 20, శుక్రవారం

బజర్ పీకించేశాను. అక్కకి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను.

మార్చి 21, శనివారం

అక్క వచ్చింది. మా ఇంట్లో ఉండిపోయిన గొడుగు కోసం వచ్చిందట. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, 26న నువ్వు గ్రౌండుకి రావద్దంది.

ఎందుకన్నాను. నువ్వు బెంచీ మీద కూర్చున్నా నాకు వినిపిస్తుంది అంది. నేను అక్కడ నోరు కూడా మెదపను కదా అన్నాను. మెదపక్కర్లేదంది.

తర్వాత ఇంకొకటి చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు, నన్ను బాధపెట్టడానికి చెప్పే మనిషి కాదు. మొదటి టెస్టు పోయినప్పటి నుంచి రోజూ పొద్దున్నే వంటింట్లో కుర్చీ వేసుకుని, గోడకి పాత చెప్పు ఆనించి, దాన్ని తొక్కుతూ ప్రాక్టీసు చేసేదట. రోజుకి రెండొందలసార్లు. బలం చాలడం లేదనుకుందట. అంత తొక్కినా టెస్టులో మూరెడు దాటేసరికి, ఇక తన కాల్లోనే ఏదో లోపముందని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళిందట. ఆ సంగతి నాకు చెప్పలేదు.

క్షమించమని అడగాలి, ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ బయటికి వచ్చింది వేరు. గీతకి రెండు గజాల ముందు నుంచే తొక్కడం మొదలుపెట్టు, ఒక్కసారిగా వద్దు, క్లచ్చి చివర్లో అని మొదలుపెట్టాను. అక్క గొడుగు తీసుకుని గేటు వేసేసింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.

మార్చి 24, మంగళవారం

సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని క్లాసులు చెబుతున్నాను. కాళ్ళు కింద ఉంటే కదా తొక్కేది. హాస్టల్ వార్డెనమ్మ ఏమైనా వ్రతమా అని అడిగింది. అవునన్నాను. పది నిమిషాల్లో నెంబరు ప్లేటు వంచేసింది.

తర్వాత పంటి డాక్టరమ్మ. సిగ్నల్ దగ్గర బండి కుదుపుతో ఆగింది, గీతకి మరీ గజం ముందు. వెనకవాడు తిట్టాడు. ఆవిడ గట్టిగా ఊపిరి తీసుకుని నా వైపు చూసింది. ఈ కుదుపు ఆవిడది. ఇన్నాళ్ళకి ఒక కుదుపు.

నేను సంతోషించాలి. సంతోషంగానే ఉంది. కానీ ఏదో పోగొట్టుకున్నట్టు కూడా ఉంది. ఇదేం బుద్ధో. వాళ్ళకి బాగా రావాలని కోరుకునేదాన్నా, నేను లేకపోతే వాళ్ళు ఆగలేరని చూసుకుని మురిసేదాన్నా? ఒక్కోసారి ఒక్కోటి అనిపిస్తోంది. స్టూడియో మూసేసినప్పుడు అక్క బదులు నేనే వెళ్ళి ఆ స్టూడియో ఆయనతో పోట్లాడాను. అక్క కళ్ళజోడు ఫ్రేము నేనే ఏరాను. ల్యాబ్ ఉద్యోగం ఫారం నింపిందీ నేనే. అక్కకి చెయ్యడం రాదనుకున్నాను. అడిగి చూడలేదు.

ఎల్లుండి పదిన్నరకి అక్క టెస్టు.

మార్చి 26, గురువారం, ఉదయం 10.10

స్పా రిసెప్షన్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో ఉంటే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా ఆయనే రెండో కూపన్ చేతిలో పెట్టి పంపించాడు. బస్సులో వస్తుంటే గ్రౌండు స్టాపు వచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. కండక్టరు దిగుతారా అని అడిగాడు. దిగుతానో లేదో నాకే తెలియలేదు. ఈలోపు బస్సు కదిలింది.

ఫోను లాకర్లో పెట్టేశాను. తీసి ఒకసారి చూసి మళ్ళీ పెట్టాను. రిసెప్షన్ అమ్మాయి గుసగుసగా, ఫారంలో ఏ గడికి టిక్కు పెట్టమంటారు అని అడిగింది. మీడియం అన్నాను.

మార్చి 26, మధ్యాహ్నం 12.05

పెద్ద తేడా లేదు. మోచేతి మేడం నన్ను గుర్తుపట్టింది. నన్ను కాదు, నా కాలుని. పైజమా కట్టిన దగ్గర్నుంచి నో హెల్ప్ మొదలు. ఈసారి నిజంగా ప్రయత్నించాను. వదిలెయ్యాలని ఎంత గట్టిగా ప్రయత్నించానంటే చెమట పట్టింది.

తెర లోపల గడియారం లేదు. పదిన్నర ఎప్పుడైందో తెలియదు. తెలియకపోయినా నా పాదానికి తెలిసినట్టుంది. ఉన్నట్టుండి ఆవిడ పొట్టలో తన్నినంత పని చేసింది. ఆవిడ కూడా ఇక నొక్కడం మానేసింది. నా పాదం రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఊరికే కూర్చుంది. నొక్కలేదు, తిప్పలేదు, ఏమీ అనలేదు. పాదం తొక్కుతూనే ఉంది, ఆవిడ పట్టుకునే ఉంది. తొక్కు, ఎంతసేపు తొక్కుతావో తొక్కు అన్నట్టుంది ఆవిడ మొహం. ఎంతసేపో తెలియదు. ఎంత కోపమో, ఎంత భయమో, అక్క మీద ఎంత ప్రేమో అన్నీ కలిసి ఆ మడమలోకి దిగి ఉన్నాయి. ఏది ఏదో విడదీయలేను.

నేను అలిసిపోయాను. కాలు అలిసిపోలేదు. టైమైపోయిందని ఆవిడ భుజం తట్టింది.

ఫోనులో ఒక్క కాలూ లేదు. ఫెయిలైతే చెయ్యదు. పాసైతే చేస్తుందా? అదీ చెప్పలేను. చేతిలో అల్లం టీ ఇచ్చారు, చల్లారిపోయింది. కిటికీలోంచి చూస్తే కింద కళ్ళజోళ్ళ షాపు ముందు ఓనరు గారి సొట్టల బండి ఆగి ఉంది. ఎవరు నడిపి తెచ్చారో పైనుంచి కనబడటం లేదు.

కిందికి వెళ్ళాలి.

మార్చి 27, శుక్రవారం

అక్క పాసైంది.

నిన్న స్టీరింగ్ దగ్గర కూర్చున్నది తనే. ఓనరు గారు స్కూలు దగ్గరే దిగిపోయారట. నేను స్పాలో ఉన్నానని మా ఆయన చెప్పాడట. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నంతవరకే నాకు గుర్తుంది. నిద్రపోయానట.

ఇల్లు వచ్చాక కూడా లేపలేదట. నన్ను అలాగే ఊరంతా ఒక చుట్టు తిప్పి గంట తర్వాత మళ్ళీ తెచ్చిందట. ఆ దారిలో తొమ్మిది సిగ్నళ్ళున్నాయి. ఆగావా అని అడిగాను. తొమ్మిదింటి దగ్గరా ఎర్రలైటే పడింది, తొమ్మిదింటి దగ్గరా ఆగాను అంది.

నాకు ఒక్కటీ తెలియలేదు.